డిస్కు బ్రేకుకు తలంటు

కొండ మీద ఆఫీసు కట్టుకుని, కొండ కింద పనులు పెట్టుకున్న సంస్థ అది. గిరిప్రాంత పశు ఆరోగ్య సంచార మండలి అని దాని పేరు. ఆఫీసుకు గాలీ వెలుతురూ దూరదృష్టీ అవసరం కనుక దాన్ని పైన కట్టారు. టీకాలు వేయించుకోవలసిన మేకలూ గొర్రెలూ కోళ్లూ మాత్రం ఘాటు రోడ్డు దిగితే గాని కనబడవు. అవి అంత కింద ఎందుకున్నాయో మండలికి ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ ఆఫీసులో ఉత్తర్వులు రాసే గుమాస్తా కూర్మారావు. పొద్దున్నే తలస్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, నుదుట నామం దిద్దుకుని గాని కలం పట్టని మనిషి. దేవుడి మాటా పైఅధికారి మాటా ఎదురు చెప్పకుండా వినాలని చిన్నప్పుడే నేర్చుకున్నాడు. ఎదురు చెప్పకపోయినా లోపల ఒక చిన్న సందేహం మాత్రం దోమలా తిరుగుతూ ఉండేది. దాన్ని ఆయన చేత్తో తోలేసేవాడు.

ఆయన భార్య వరాలు అదే మండలిలో టీకాల కార్యకర్త. ఐసు పెట్టె భుజాన వేసుకుని రోజూ ఘాటు దిగి, మేకల కాళ్లు పట్టుకుని సూదులు వేసి, సాయంత్రం బస్సు మీద పైకి వచ్చేది. మొదట్లో కిందికి దిగడానికి ఒక జీపు ఉండేది. జీపు పొగ మేకల మనసును నొప్పిస్తుందని ఏదో మహాసభలో ఎవరో పెద్దమనిషి అన్నాడట. ఆ మాట పట్టుకుని జీపు తీసేసి, కార్యకర్తలందరికీ తలా ఒక మౌంటెన్ బైకు ఇచ్చారు. 'హరిత సంచారం' అని గోడ మీద పెద్ద అక్షరాలు రాయించారు.

బైకులు ముచ్చటగా ఉన్నాయి. లావు టైర్లు, ముందు స్ప్రింగులు, అన్నిటికంటే విచిత్రం చక్రం మధ్యలో మెరిసే చిల్లుల పళ్లెం. దాన్ని డిస్కు అంటారు. పిడి నొక్కితే రెండు చిన్న బిళ్ళలు చెరో పక్క నుంచీ ఆ పళ్లేన్ని అదిమి పట్టుకుంటాయి, చక్రం ఆగుతుంది. అంతకు మించి అందులో మర్మమేమీ లేదు.

కానీ మండలిలో సైకిళ్లకు ఒక పాత నిబంధన ఉంది. నల్ల సైకిళ్ల కాలంలో ఎవరో రాశారు. "సైకిలునందు తిరుగుచుండు ఇనుప భాగములన్నిటికిని ప్రతి శుక్రవారము నూనె పట్టించవలెను." బైకులకు కొబ్బరికాయ కొట్టిన రోజున సూపర్నెంటు చిదానందం గారు ఆ డిస్కు ముందు వంగి, కళ్లజోడు సవరించుకున్నారు.

"ఇది తిరుగుతుందా, కూర్మారావు?"

"తిరుగుతుందండి."

"ఇనుమేనా?"

"ఇనుములాగే ఉందండి."

"అయితే ఇంకా చూస్తావేం?"

కూర్మారావు చూడలేదు. ప్రతి డిస్కుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పైన కొబ్బరి నూనె ధారగా పోసి, గుడ్డతో అద్దంలా మెరిపించాడు. భార్య బైకుకు కాస్త ఎక్కువే పోశాడు. ఆలుమగల ప్రేమ అలాంటిది.

మరుసటి వారమే వరాలు ఇంటికి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి ఆయన ముందు తిప్పి చూపించింది. మడమ దగ్గర అరిగిన చిల్లులోంచి వెలుతురు కనిపిస్తోంది.

"ఏటండీ మీ బైకు? పిడి నొక్కితే ఆగదు, కాళ్లు నేల మీద ఈడిస్తే ఆగుతోంది. బ్రేకులు నాకు పెట్టి, చెప్పులు దానికి తొడిగితే సరిపోయేది."

"బాగానే నొక్కుతున్నావా?"

"వేళ్లు తెల్లబడేలా నొక్కుతున్నాను. అది నా మాట వినడం లేదు. ఈ ఇంట్లో మీరొకరే అనుకున్నాను, ఇప్పుడు ఇద్దరయ్యారు."

"ఈరోజు ఎలా ఆగావు మరి?"

"ఆగలేదు. కొండచీపురు పొద ఆపింది."

మోచేతి మీద గీతలు చూసి కూర్మారావు అన్నం సరిగా తినలేకపోయాడు. మర్నాడు భార్యదీ, ఆమె తోటి కార్యకర్త దేముడమ్మదీ ఫిర్యాదులు కలిపి సూపర్నెంటుకు సమర్పించాడు. చిదానందం గారు చదివి, చాలాసేపు కిటికీలోంచి దూరంగా చూశారు.

"బ్రేకు బలహీనంగా ఉందంటున్నారు. మనిషి బలహీనపడితే ఏం చేస్తాం?"

"డాక్టరుకు చూపిస్తామండి."

"అంతకు ముందు?"

"నూనె పెట్టి మర్దనా చేస్తామండి."

"చూశావా! వారానికి ఒక్కసారి సరిపోవడం లేదు దానికి. మంగళవారం కూడా కలుపు."

మంగళవారం కలిపారు. బ్రేకు ఇంకా నీరసించింది. గురువారం కలిపారు. ఆ వారం దేముడమ్మ ఘాటు సగంలో ఒక పెళ్లి ఊరేగింపులోకి దూసుకుపోయి, పెళ్లికొడుకు గుర్రం పక్కన ఆగింది. గుర్రం జడిసింది గాని పెళ్లివారు మంచివాళ్లు, భోజనం పెట్టి పంపారు. "అదృష్టమే వదినా, నిన్న దూరింది చావు ఇంట్లోకి," అంది దేముడమ్మ వరాలుతో.

నూనె ఇంత పోసినా బ్రేకులు మెరుగుపడకపోవడం మండలిని ఆలోచనలో పడేసింది. నూనె తప్పు కాదు, అది నిబంధనలో ఉంది. కనుక తప్పు ఫిర్యాదులో ఉండాలి. చిదానందం గారు ఒక బైకును స్టాండు వేయించి, పిడి నొక్కించి, చక్రాన్ని చూశారు. చక్రం కదలలేదు. అసలు దాన్ని ఎవరూ తిప్పలేదు.

"ఆగి ఉందా లేదా?"

"ఆగే ఉందండి," అన్నాడు కూర్మారావు.

"బ్రేకు సామర్థ్యం పరిపూర్ణం అని రాసుకో. కార్యకర్తలు వాడే విధానంలో లోపం ఉంది. వాళ్లు బైకు కదులుతుండగా బ్రేకు వేస్తున్నారు."

కూర్మారావు చెవి దగ్గర దోమ గట్టిగానే మోగింది. చేత్తో తోలేసి రాసుకున్నాడు.

ఆ తరువాత ఉత్తర్వులు వానాకాలం పుట్టగొడుగుల్లా వచ్చాయి. ఘాటు దిగే కార్యకర్తలు బ్రేకుకు బదులు ముందుగా గంట వాడవలెనని ఒకటి. ఏటవాలు ప్రాంతమును మండలి లెక్కలలో సమతల ప్రాంతముగా పరిగణించడమైనదని ఇంకొకటి. మలుపు మలుపుకూ ఎండుగడ్డి మోపులు పేర్పించవలెనని మరొకటి. గడ్డి బాగానే పేర్చారు. టీకాల కోసం తోలుకొచ్చిన మేకలు దాన్ని ఒక్క పూటలో తినేశాయి. మేకల ఆరోగ్యం మెరుగుపడినట్టు మండలి నివేదికలో చేర్చుకున్నారు.

ఇవన్నీ రాసిన చేత్తోనే కూర్మారావు సాయంత్రం భార్య మోకాళ్లకు పసుపు పట్టు వేసేవాడు.

"మీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని అందరూ అంటారు," అంది వరాలు ఒకరోజు పళ్లు బిగబట్టి. "ఏటవాలు సమతలమని ఎంత చక్కగా రాశారో! రేపు పెద్ద మలుపు దగ్గర లోయకి అది చదివి వినిపిస్తాను."

"అలాంటి మాటలు సంధ్యవేళ అనకు."

"అయితే ఎప్పుడనాలి? పొద్దున్న దిగేటప్పుడు నోరు తెరిస్తే పురుగులు పోతున్నాయి, అంత జోరుగా పోతోంది అది."

ఆ మాటకు కూర్మారావు నవ్వబోయి నవ్వలేకపోయాడు. పెద్ద మలుపు ఆయనకు తెలుసు. అక్కడ రోడ్డు పక్కన రాళ్ల గోడ కూలి రెండు వానాకాలాలైంది. దాని కింద ఏముందో చూద్దామని ఒకసారి వంగి, మళ్లీ వంగలేదు.

మార్పు వచ్చింది ఎవరి తెలివి వల్లా కాదు. చక్రం నుంచి చిమ్మిన నల్లటి నూనె వరాలు కొత్త పంజాబీ డ్రెస్సు మీద పడింది. అది శుక్రవారం పొద్దు. పొయ్యి మీద తన తలంటుకి కుంకుడు రసం కాగుతోంది. ఒళ్లు మండి, ఆ రసం చెంబెడు తెచ్చి బైకు మీద కుమ్మరించింది.

"నాకు నూనె పెడితే తలంటు పోస్తారు. నీకు పెట్టడమే గాని పోసేవాళ్లు లేరే తల్లీ!" అని, చిల్లుచిల్లునా పీచుతో రుద్ది, వేడినీళ్లు పోసి, పొడిగుడ్డతో తుడిచింది. బిళ్ళలు కూడా ఊడదీసి చూస్తే గారెల్లా నూనె పీల్చుకుని ఉన్నాయి. బైకు పెట్టెలో అదనంగా వచ్చిన కొత్త బిళ్ళలు అటక మీద ఉంటే అవి బిగించింది. మొదట అరుగు ముందర రోడ్డు మీద నాలుగైదు సార్లు మెల్లగా తొక్కి పిడి నొక్కి చూసుకుంది. చివరిసారి నొక్కేసరికి బైకు గుంజ పాతినట్టు నిలబడింది. వరాలు దాని మీంచి పడబోయి, "ఏవండీ, రండీ! మీ బైకుకి బుద్ధొచ్చింది!" అని కేకేసింది.

కూర్మారావు వచ్చి చూశాడు. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. ఆ తరువాత మొదటిసారి దోమను తోలకుండా కూర్చున్నాడు. నూనె పోసిన కొద్దీ బ్రేకు పోయింది. నూనె పోతే బ్రేకు వచ్చింది. అయితే, స్వామీ, ఇన్నాళ్లూ నా చేతులు చేసిన పని ఏమిటి? ఆ రోజూ, ఆ పై మంగళవారమూ ఆయన నూనె డబ్బా తీసుకుని అన్ని బైకుల దగ్గరికీ వెళ్లాడు గాని, భార్య బైకు దగ్గర మాత్రం మూత తీయకుండా గుడ్డతో ఊరికే తుడిచి వచ్చేశాడు.

ఆగే బైకు ఒకటి ఉండటం మండలికి చిక్కు తెచ్చింది. ఘాటులో అడ్డం వచ్చిన గేదెను చూసి వరాలు ఆగింది. వెనకే వస్తున్న దేముడమ్మ ఆగలేక, వరాలునూ గేదెనూ కలిపి గుద్దింది. గేదెకు ఏమీ కాలేదు. వరాలుకు మాత్రం తాఖీదు వచ్చింది. "తోటి సిబ్బంది ఆగని చోట ముందస్తు అనుమతి లేకుండా తాను మాత్రము ఆగి, సంచార క్రమమునకు భంగము కలిగించినందులకు సంజాయిషీ ఇవ్వవలెను."

తాఖీదు రాసింది కూర్మారావే. ఇంటికి తెచ్చి ఇచ్చిందీ ఆయనే.

"నన్ను మొగుడు తిట్టడం చూశాను గాని, తాఖీదు ఇవ్వడం ఇప్పుడే," అంది వరాలు. "సంజాయిషీ కూడా మీరే రాసివ్వండి, దస్తూరీ బాగుంటుంది."

ఈ సంగతి పై దాకా పోయి డైరెక్టరు గారు తనిఖీకి వచ్చారు. ఘాటు మొదట్లో బైకులన్నీ వరుసగా నిలబెట్టారు. మంచు తెరలు పైకి లేస్తున్నాయి. డైరెక్టరు గారు శాలువా కప్పుకుని, వరాలు బైకును పాముని చూసినట్టు కాస్త దూరం నుంచి చూశారు.

"ఇదేనా ఆగేది?"

"ఇదేనండి," అన్నారు చిదానందం గారు సిగ్గుతో.

"చూడమ్మా, ఆగడం తప్పని మేము అనడం లేదు. మండలి ఆగే హక్కును గౌరవిస్తుంది. ఒక్కరే ఆగడం తప్పు. అది సంస్థాగత సమానత్వానికి విరుద్ధం. మిగతా బైకుల స్థాయికి దీన్ని తీసుకురావాలి. ఇప్పుడే, నా సమక్షంలో. ఏరీ ఆ నూనె పోసే వారు?"

నూనె డబ్బా కూర్మారావు చేతికి వచ్చింది. ఆయన వంగాడు. పళ్లెం చిల్లుల్లోంచి అవతల రోడ్డు, రోడ్డు చివర పెద్ద మలుపు, మలుపు దగ్గర గోడ లేని చోటు కనిపించాయి. రేపు పొద్దున్న ఐసు పెట్టె భుజాన వేసుకుని ఆ దారినే వరాలు వెళ్లాలి.

ఆయన లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ఇది పూస్తే ఈవిడ ఆగదండి."

"మిగతావాళ్లూ ఆగడం లేదు కదా?"

"వాళ్లూ ఆగాలండి. నూనె వల్లే ఎవరూ ఆగడం లేదని నాకు అనిపిస్తోందండి. ఈ బైకుకి నేను నూనె మానేశాను. అందుకే ఆగుతోందండి."

చిదానందం గారి ముఖం సొంత కొడుకు వేరు కాపురం పెట్టినట్టు అయింది. డైరెక్టరు గారు మాత్రం మందహాసం చేశారు.

"అనిపించడం అనేది క్షేత్రానుభవం లేనివాళ్లకు వచ్చే జబ్బు. ఇతన్ని క్షేత్రానికి పంపండి. నూనె విలువ తెలుస్తుంది."

"బైకులన్నీ కేటాయింపు అయిపోయాయి సార్," అన్నారు చిదానందం గారు.

"ఆగేదాన్నే ఇవ్వండి. దాని మీది ఆవిడను ఇతని కుర్చీలో కూర్చోబెట్టండి. పోస్టులు కుటుంబంలోనే ఉంటాయి. వచ్చే శుక్రవారం దీనికి మీరే స్వయంగా నూనె పట్టించి నాకు నివేదిక పంపండి. అబ్బ, మంచు ఎక్కువవుతోంది, కారు తెమ్మనండి."

అలా మండలిలో మొదటిసారి ఒక ఆజ్ఞకు కాదన్న కూర్మారావు మర్నాడు భార్య బైకెక్కి ఘాటు దిగాడు. నామం చెమటకు కరిగి ముక్కు మీదికి జారింది. తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాడు, తెలియని వాళ్లను కూడా 'స్వామీ' అని పిలిచాడు. పెద్ద మలుపు దగ్గర కళ్లు మూసుకుని పిడి నొక్కాడు. బైకు బుద్ధిగా ఆగింది. కళ్లు తెరిచి, ప్రాణం కూడగట్టుకుంటూ ఉండగా వెనక నుంచి కేక వినిపించింది.

"అన్నయ్యో! తప్పుకోండన్నయ్యో!"

దేముడమ్మ రెండు కాళ్లూ చాపి, చెప్పుల్లోంచి దుమ్ము లేపుతూ ఆయన పక్క నుంచి బాణంలా పోయింది. లోయ వైపు పోకుండా, ఎలా తిప్పిందో కొండ వైపు తిప్పి మట్టిగట్టుకు గుద్దుకుంది. కూర్మారావు పరుగెత్తి లేవదీశాడు. మణికట్టు బెణికింది. నుదురు పగిలి నెత్తురు కారుతోంది.

"ఏటీ కాలేదులెండి," అంది ఆమె, నెత్తురు తుడుచుకుంటూ. "నిన్నటి నూనె బాగా పట్టింది. ఐసు పెట్టె చూడండి, మందులు పగిలాయేమో."

ఆమె బైకు డిస్కు పసిడిలా మెరుస్తోంది. ఆ మెరుపు తన చేతిదేనని కూర్మారావుకు తెలుసు. ఆ రాత్రి పూజ దగ్గర కూర్చున్నాడు గాని చేతులు జోడించడానికి మనస్కరించలేదు.

"ఎల్లుండి శుక్రవారం," అన్నాడు భార్యతో. "నా బైకుకీ పూస్తారు. నా సంగతి సరే. వాళ్లంతా నేను మెరిపించిన బైకుల మీదే దిగుతున్నారే."

"నూనె ఉత్తర్వు రద్దని రాసుకుపోనా? ఇప్పుడు ఆ కుర్చీ నాదే కదా."

"రద్దంటే తప్పు జరిగిందని ఒప్పుకోవడం. చిదానందం గారు ప్రాణం పోయినా సంతకం పెట్టరు."

"ఎవరి ప్రాణం?" అంది వరాలు. ఆ తరువాత పక్క మీద వెల్లకిలా పడుకుని, దూలాల వైపు చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె నవ్వు దాచుకోవడానికి అవస్థ పడుతోంది. చేతిలో కొత్త ఉత్తర్వు. చిదానందం గారి సంతకం అడ్డంగా, ధీమాగా ఉంది. కూర్మారావు కళ్లజోడు పెట్టుకుని పైకి చదివాడు.

"హరిత సంచార వాహనములకు శుక్రవారపు నూనె సేవను మరింత శాస్త్రోక్తముగాను, పటిష్ఠముగాను నిర్వహించు నిమిత్తము ఇందుమూలముగా ఆదేశించడమేమనగా: అభిషేకమునకు పూర్వము స్వామివారి ఆభరణములను తీసి భద్రపరచు విధముగనే, నూనె పట్టించుటకు ముందు బ్రేకు బిళ్ళలను ఊడదీసి వేరొక చోట ఉంచవలెను. ఇదివరలో అధికముగా నూనె స్వీకరించిన బిళ్ళలకు విశ్రాంతి కల్పించి, వాటి స్థానమున బైకు పెట్టెలలోని కొత్త బిళ్ళలను వినియోగించవలెను. పిమ్మట డిస్కుకు యథావిధిగా నూనె పట్టించవలెను. నూనె సేవ అసంపూర్ణముగా మిగలరాదు గనుక, వెనువెంటనే కుంకుడు రసముతోను, వేడినీటితోను తలంటు చేయించి, పొడిగుడ్డతో తడి లేకుండ తుడిచి, చేతులు సబ్బుతో కడుగుకొని, అటుపిమ్మట మాత్రమే బిళ్ళలను బిగించవలెను. మంగళ, గురువారములలో సైతము ఇదే విధానము. ఉల్లంఘించినవారు శిక్షార్హులు."

"సంతకం పెట్టేశారా?" అన్నాడు నమ్మలేక.

"పెట్టడమా! లేచి నిలబడ్డారు. 'అమ్మా, మీ ఆయన ఇన్నేళ్లు రాశాడు గాని నూనె మీద ఇంత భక్తి ఎన్నడూ చూడలేదు' అన్నారు. డైరెక్టరు గారికి ఫోనులో చదివి వినిపించారు. ఆయన మిగతా కొండల మీది ఆఫీసులకు కూడా పంపమన్నారట. కుంకుడుకాయలు బస్తాల్లో వస్తున్నాయి. ఈ మధ్యాహ్నమే అన్ని బైకులకీ తలంటు అయిపోయింది. దేముడమ్మ నుదుటి కట్టుతోనే వచ్చి, తన బైకుకి తనే పోసుకుని, పిడి నొక్కి చూసుకుని ఏడ్చింది."

కూర్మారావు ఉత్తర్వు మళ్లీ మొదటి నుంచి చదివాడు. మూడోసారి వేలు పెట్టి చదివాడు. ఎక్కడైనా ఒక అబద్ధం ఉంటుందేమో, పైవాళ్లను మోసం చేసిన పాపం ఇంటికి తగులుతుందేమో అని వెతికాడు. ప్రతి మాటా నిజమే. రద్దు అన్న మాట లేదు, తప్పు అన్న మాట లేదు, నూనె మీద గౌరవం అడుగడుగునా ఉంది. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత మంచి ఉత్తర్వు తను ఎందుకు రాయలేకపోయాడో అని కాస్త అసూయ కూడా కలిగింది.

కళ్లజోడు తీసి, చాలాసేపు ఆలోచించి అడిగాడు.

"అంతా బాగుంది గానీ వరాలూ, వెంటనే కడిగేసేదానికి ఇంతకీ ఆ నూనె ఎందుకే?"

వరాలు స్టవ్వు మీది గిన్నె దించుతూ, ఆయన వైపు తిరగకుండానే చెప్పింది.

"కడగడానికి."